ఇంటి ఉప్పునీటి అక్వేరియంలో సిమెంటుతో పగడపు దిబ్బ కట్టడం ఎలా?

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు బండలు చూస్తూ పెరిగినవాళ్లకు రాయి అంటే నున్నటి, బరువైన గ్రానైట్. ఉప్పునీటి అక్వేరియం పెట్టగానే చాలామంది ఆ అలవాటుతోనే పది రాళ్లు తెచ్చి గోపురంలా పేరుస్తారు. చేపలు దాని చుట్టూ తిరుగుతాయి తప్ప అందులో కాపురం పెట్టవు. పగడపు దిబ్బను దిబ్బగా నిలబెట్టేది అందులోని ఖాళీలే. వేలెడు సందులో గోబీ చేప, అరచేయంత గుహలో పగలంతా దాక్కునే రొయ్య, చూరు కింద నీడలో స్పాంజీలు, కంటికి ఆనని రంధ్రాల్లో నీటిని శుభ్రం చేసే బాక్టీరియా ఉంటాయి. కాబట్టి ఎక్కడ రాయి పెట్టాలన్నది తర్వాత, ఎక్కడ ఖాళీ వదలాలన్నది ముందు ఆలోచించండి. ఈ పద్ధతి అంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

సముద్రం నుంచి తెచ్చిన ‘లైవ్ రాక్’ (పాత పగడాల అస్థిపంజరాలతో ఏర్పడి, జీవులు పట్టిన రాయి) కొనొచ్చు కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చట్టం దృష్టిలో పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. బతికున్న పగడమే కాదు, షోకేసు కోసం అమ్మే తెల్లటి ఎండు పగడం కొమ్మ కూడా ఆ రక్షణ కిందికే వస్తుంది. మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, ఇళ్ల కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వేశారు. అక్కడే తూత్తుకుడి దగ్గర వాన్ దీవి కోతకు గురై కుంచించుకుపోతుంటే, 2015 నుంచి దాని ముందు సముద్రంలో బెజ్జాలున్న కాంక్రీటు దిమ్మెలు దించారు. అవి అలల జోరును తగ్గించాయి, చేపలకు నీడ కూడా అయ్యాయి. సముద్రమే ఒప్పుకున్న సిమెంటును మన గాజు పెట్టె కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే దాన్ని నీళ్లలో నానబెట్టి సరిగ్గా పదును (క్యూరింగ్) చేయాలి.

ముందు కొలతలు

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తున్న ట్యాంకువి. నిండా పోస్తే సుమారు 190 లీటర్లు పడుతుంది. నీళ్లు, గాజు, దిబ్బ, స్టాండు కలిపి బరువు 300 కిలోల దాకా వెళ్తుంది. అపార్ట్‌మెంటులో అయితే హాలు మధ్యలో పెట్టకుండా, కింద బీము ఉన్న గోడ వారన పెట్టండి.

చాలామంది మరిచిపోయే కొలత ఇంకోటి ఉంది. ట్యాంకు పైన గాజు పట్టీలు అంటించి ఉంటాయి కదా, వాటి మధ్య ఖాళీ ఎంతుందో కొలవండి. మీరు చేసే ఏ ముక్కైనా ఆ ఖాళీలోంచి దిగాలి. అందుకే దిబ్బను ఒకే ముద్దగా పోయకుండా విడివిడి ముక్కలుగా పోసి లోపల కలుపుకోవాలి.

పెద్ద అట్టపెట్టెను విప్పి ట్యాంకు అడుగు కొలతకు కత్తిరించండి. నాలుగు వైపులా గాజుకు 3 అంగుళాలు వదిలి గీత గీయండి. పాచి గీకే మ్యాగ్నెట్ తిరగాలన్నా, నీరు వెనక నుంచి పారాలన్నా ఆ జాగా కావాలి. గీత లోపల మిగిలింది మీ స్థలం. దాన్ని రెండు దిబ్బలుగా చేయండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో ఇసుక బాట వంకరగా పోవాలి. పెద్దది ట్యాంకు నడిమధ్యలో ఉండకూడదు, ఎత్తు మూడింట రెండు వంతులు దాటకూడదు. ట్యాంకు నిండా రాయి పెడితే ఫొటోలో బాగుంటుందేమో గానీ చేపకు ఈదే చోటు పోతుంది.

అసలు దిబ్బ ఎలా ఉంటుందో చూడటానికి మన ఆంధ్ర తీరం అంతగా ఉపయోగపడదు. కృష్ణా, గోదావరి తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి వల్ల అక్కడ పెద్ద పగడపు దిబ్బలు పెరగలేదు. లక్షద్వీప్, అండమాన్ నీటి అడుగు వీడియోలు పెట్టుకుని చూడండి. రంగుల మీదికి కన్ను పోనివ్వకుండా నీడలు ఎక్కడ పడుతున్నాయో గమనించండి. చాలా దిబ్బలు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటాయి. అరుగులు అరుగులుగా పొరలుంటాయి, ప్రతి అరుగు కిందా ఒక చూరు ఉంటుంది. స్పాంజీలు, ఆల్చిప్ప జాతులు లోపలి నుంచి తొలిచేయడం వల్ల, చిలకచేపలు పైనుంచి కొరికేయడం వల్ల రాయి అంతటా గుంటలు పడి ఉంటుంది. నచ్చిన రెండు మూడు ఆకారాలు కాగితం మీద గీసుకుని, వాటినే చిన్న సైజులో థర్మోకోల్ ముక్కలతో అట్ట మీద నిలబెట్టి చూడండి. ఈ థర్మోకోల్ నమూనా వరకే. దాన్ని సిమెంటు లోపల పెడితే దిబ్బ తేలిపోతుంది.

సామాన్లు

వైట్ సిమెంటు 5 కిలోలు. ఇందులో ఇనుము తక్కువ, తెలుపుకు కారణం అదే. కొట్లో వైట్ సిమెంటు అడిగితే ‘ఇదీ అదే అన్నా’ అని వాల్ పుట్టీ చేతిలో పెట్టే అవకాశం ఉంది. పుట్టీలో పాలిమర్లు కలిపి ఉంటాయి, తీసుకోకండి. టైల్స్ అంటించే పొడి, వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపిన సిమెంటు కూడా వద్దు. బస్తా మీద వైట్ పోర్ట్‌ల్యాండ్ సిమెంట్ అని ఉందో లేదో చదివి తీసుకోండి.

షెల్ గ్రిట్ 10 నుంచి 12 కిలోలు. అంటే నలగ్గొట్టిన ఆల్చిప్పలు. కోళ్లకు గుడ్డు పెంకు గట్టిపడటానికి దాణాలో కలుపుతారు. హైదరాబాద్ చుట్టూ కోళ్ల ఫారాలకు లోటు లేదు, దాణా కొట్లలో చవగ్గా దొరుకుతుంది. విటమిన్లు, మందులు కలపని ఉత్త గ్రిట్ అడగండి. మూడు నాలుగు సార్లు కడిగి ఎండబెట్టండి. పగడం, ఆల్చిప్ప రెండూ కాల్షియం కార్బొనేటే కాబట్టి దిబ్బకు ఇంతకన్నా దగ్గరి సరుకు మనకు చట్టబద్ధంగా దొరకదు. గ్రానైట్ క్వారీ డస్ట్ వాడొద్దు, అందులో ఇనుమున్న ఖనిజాలుంటాయి.

దొడ్డుప్పు 5 కిలోలు. ఇది సిమెంటులో కలిసి, తర్వాత నీళ్లలో కరిగిపోయి, తానున్న చోట రంధ్రం వదిలిపోతుంది. మెత్తటి ఉప్పుతో ఈ పని కాదు.

తాగునీటి పీవీసీ పైపు, ముప్పావు లేదా ఒక అంగుళం. ఐఎస్ 4985 ముద్ర ఉన్నది, సీసం లేదని రాసి ఉన్నది చూసుకోండి. రాణీగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో దొరుకుతుంది. ఇనుప ఊచ, జీఐ జాలీ, బైండింగ్ వైరు ఏదీ లోపల పెట్టకండి. ఉప్పునీటిలో తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి. ముక్కలు కలపడానికి 10 మిల్లీమీటర్ల అక్రిలిక్ కడ్డీలు కొన్ని కావాలి.

ఇవి కాక రెండు ప్లాస్టిక్ టబ్బులు, తాపీ, నైలాన్ బ్రష్, వెదురు పుల్లలు, గోనె సంచులు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాలు. తడి సిమెంటు గాఢమైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. కాలుతున్నట్టు వెంటనే తెలియదు కూడా. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మాలు కలపడం

రెండు రకాల మాలు కావాలి. బరువు మోసే కాళ్లకు, అడుగు పలకలకు ఉప్పు లేని మాలు: 1 పాలు సిమెంటు, 3 పాళ్లు గ్రిట్. పైన కనబడే భాగాలకు ఉప్పు మాలు: 1 పాలు సిమెంటు, 2 పాళ్లు గ్రిట్, 1 పాలు దొడ్డుప్పు. పాళ్లన్నీ గిన్నె కొలతే. ఉప్పు ఎంత పెంచితే అంత గుల్లగా వస్తుంది, అంతే బలహీనమవుతుంది కూడా. ఒకటిన్నర పాలు దాటించకండి.

సిమెంటు, గ్రిట్ పొడిగా కలిపాక నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించండి. మేస్త్రీలు గోడకు వాడేంత జారుగా ఉండకూడదు. పిడికిట బిగిస్తే సున్నుండలా నిలబడాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ఉప్పు చిట్టచివర వేయండి. నీళ్లు ఎక్కువైతే ఉప్పు అప్పుడే కరిగిపోయి రంధ్రాలు పడవు. కలిపిన మాలు అరగంటలో వాడేయాలి కాబట్టి ఒక్కో ముక్కకు సరిపడా మాత్రమే కలుపుకోండి.

ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో మన పొడిగాలికి సిమెంటులో తడి గంటల్లో ఆవిరైపోయి, అది గట్టిపడకముందే నెర్రెలిస్తుంది. వానాకాలం, చలికాలం మంచివి. తప్పదంటే పొద్దున్నే నీడలో పోసి గోనె కప్పండి.

పోత పోయడం

టబ్బులో తడి ఇసుక నింపి నొక్కండి. దాని మీద అరంగుళం మందాన షెల్ గ్రిట్ పరవండి. అప్పుడు రాయికి ఇసుక బదులు గ్రిట్ అంటుకుంటుంది. ఇప్పుడు మీకు కావాల్సిన ఆకారాన్ని బోర్లించినట్టుగా అందులో గుంట చేయండి. గుహ కావాల్సిన చోట ఇసుకను గుట్టగా పైకి లేపితే అది పోతలో ఖాళీగా మిగులుతుంది.

అడుగు పలకలు రెండు పోయండి, దిబ్బకొకటి. అంగుళంన్నర మందం చాలు. నేలకు పూర్తిగా ఆనకుండా మూడు చోట్ల మాత్రమే ఆనేలా కింద బొడిపెలు ఉంచండి. మూడు కాళ్లయితే ఎగుడుదిగుడు ఉన్నా ఊగదు, పలక కింద నీరు కూడా కదులుతుంది. పలక మధ్యలో పైపు ముక్క నిలబెట్టి మాలు చుట్టూ నొక్కండి. ఆ పైపుకు ముందే 8 మిల్లీమీటర్ల బెజ్జాలు పది పన్నెండు వేసి, పైన గరుకు కాగితంతో రుద్ది ఉండాలి. లేకపోతే నున్నటి ప్లాస్టిక్‌ను సిమెంటు పట్టదు. పైపు రెండు కొసలూ, బెజ్జాలూ మూసుకుపోకూడదు. లోపల నీరు నిలిచిపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది.

తర్వాత అరుగులు. ఇవే దిబ్బకు అందం, వీటి మీదే ఎక్కువ సమయం పెట్టండి. అరంగుళం నుంచి అంగుళం మందాన, అంచులు ఒకచోట పలచగా, ఒకచోట లావుగా, గుండ్రంగా కాకుండా సాగినట్టు పోయండి. రెండు అరుగులు ఒకే ఆకారంలో ఉంటే ఎంత బాగా చేసినా బొమ్మలాగే కనిపిస్తుంది. ప్రతి అరుగులో పైపు దూరే రంధ్రం ఒకటి, అక్రిలిక్ కడ్డీ దూరే చిన్న రంధ్రాలు రెండు మూడు వదలండి. కడ్డీకి నూనె రాయకండి, పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి గుచ్చి, నాలుగు గంటల తర్వాత మెలితిప్పి తీయండి.

ఒక వంతెన కూడా పోయండి. పెద్ద దిబ్బ నుంచి చిన్నదాని వైపు చేయి చాచినట్టు ఉండేది. దాని కింద బాట మీద పడే నీడే ట్యాంకుకు లోతు తెస్తుంది. గుహలన్నింటికీ రెండు నోళ్లుండాలి. ఒకే నోరున్న గుహలో చెత్త చేరుతుంది, తరిమే చేప నుంచి తప్పించుకునే దారి కూడా ఉండదు.

పోసిన నాలుగు నుంచి ఆరు గంటలకు మాలు గోరుతో గీస్తే గీత పడేంత గట్టిపడుతుంది. అప్పుడు ముక్కను టబ్బులోనే ఉంచి, పైభాగాన్ని వెదురు పుల్లతో గీరి, పొడిచి, అక్కడక్కడ పెన్సిలంత లావు బొరియలు చేయండి. వరసగా పొడవకండి. ఒకచోట గుంపుగా ఐదారు, పక్కన జానెడు మేర ఏమీ లేకుండా. నైలాన్ బ్రష్‌తో తడిపి రుద్దితే సిమెంటు పొర పోయి ఆల్చిప్ప గింజలు బయటపడతాయి, రాయికి సహజమైన మెరుపు వస్తుంది. ఇనుప బ్రష్ వాడితే తెగిన తీగలు రాయిలో ఉండిపోయి తర్వాత తుప్పు మరకలవుతాయి. రంగులు కూడా కలపొద్దు. ఊదా, గులాబీ, ఆకుపచ్చ అన్నీ నెలల్లో వాటంతటవే వస్తాయి.

పదును చేయడం

దిబ్బ బతుకు తేలేది ఇక్కడే. పోసిన ముక్కను ఒకరోజు తడి గోనె కింద కదపకుండా ఉంచండి. రెండో రోజు మెల్లగా ఇసుకలోంచి తీసి నీళ్ల డ్రమ్ములో ముంచండి. ఉప్పు కరగడం మొదలవుతుంది, సిమెంటు కూడా నీళ్లలోనే బాగా గట్టిపడుతుంది. మొదటి వారం ముక్కల్ని ఎత్తి కుదపకండి.

సిమెంటు గట్టిపడేటప్పుడు అందులోంచి సున్నం బయటికి వస్తుంది. మొదట్లో డ్రమ్ము నీళ్ల పీహెచ్ (క్షారగుణం ఎంతుందో చెప్పే కొలత) 11, 12 దాకా ఎక్కుతుంది. సముద్రపు నీళ్లది 8.1 నుంచి 8.3. ఈ సున్నం పోకుండా ట్యాంకులో పెడితే రెండు ప్రమాదాలు. పీహెచ్ పెరిగిన కొద్దీ నీటిలోని అమోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది, అదే కొలత అమోనియా చేపల్ని చంపేస్తుంది. రెండోది, నీటిలోని కాల్షియం తెల్లటి పొరలా విడిపోయి హీటరుకు, పంపులకు పట్టేస్తుంది.

రెండు మూడు రోజులకోసారి డ్రమ్ము నీళ్లు పూర్తిగా మార్చండి. మొదట్లో కుళాయి నీళ్లు చాలు, ఈ పనికి ఆర్‌ఓ నీళ్లు వృథా. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వెనిగర్‌లో నానబెడితే త్వరగా అయిపోతుందని కొందరు చెబుతారు. పైపైన ఉన్న సున్నం పోతుంది, లోపలిది మెల్లగా వస్తూనే ఉంటుంది. పైగా ఆ పులుపు ఆల్చిప్పను కూడా తింటుంది. తొందర పడకుండా నీళ్లు మార్చడమే మేలు.

అయిందో లేదో తెలుసుకోవడానికి చివర్లో ముక్కల్ని ఉప్పునీళ్లలో, అంటే ఉప్పునీటి ట్యాంకుల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కలిపిన ఆర్‌ఓ నీళ్లలో, చిన్న పంపు తిప్పుతూ మూడు రోజులు ఉంచండి. పీహెచ్ 8.4 దాటకపోతే రాయి సిద్ధం. దాటితే మళ్లీ డ్రమ్ములోకి. టెన్షన్ పడకండి, ఇంకో రెండు వారాలు ఆగితే పోయేదేమీ లేదు.

ట్యాంకులో నిలబెట్టడం

ముందు నేల మీద, మీరు గీసిన అట్ట మీదే పేర్చి చూడండి. పలక, పైపు మీద అరుగులు, అరుగుల మధ్య కడ్డీలు. అరుగులను ఒకదాని మీద ఒకటి నేరుగా పెట్టక కొంచెం కొంచెం తిప్పండి. కూర్చుని, ట్యాంకు ఎత్తు నుంచి చూసే కంటితో చూడండి. నచ్చాక పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కి, పక్కల నుంచి తోసి చూడండి. ఏమాత్రం ఊగినా ట్యాంకులో పెట్టొద్దు. ఒక నత్త, ఒక రాత్రి, కూలిన ఒక అరుగు చాలు గాజు పగలడానికి. అతుకుల్లో ఉప్పు లేని మాలు సన్నగా పూస్తే అది రాయిలో కలిసిపోతుంది, కానీ దానికీ మళ్లీ పదును తప్పదు. చిన్న అతుకులకు అక్వేరియం ఎపాక్సీ పుట్టీ, జెల్ రకం సూపర్ గ్లూ సరిపోతాయి.

గాజు మీద నేరుగా రాయి పెట్టకుండా పలచటి అక్రిలిక్ షీటు వేయండి. దాని మీద దిబ్బ, ఆ తర్వాతే ఇసుక. ఇసుక మీద దిబ్బ పెడితే, తవ్వే చేపలు కింద ఇసుక తోడేసి దిబ్బను ఒరిగిస్తాయి.

నీళ్ల విషయంలో ఒక హెచ్చరిక. ఇంట్లో తాగునీటి ప్యూరిఫయర్ రుచి కోసం కొంత టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) వదులుతుంది, ఇప్పుడొచ్చే చాలావాటిలో రాగి కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. రాగి రొయ్యల్ని, నత్తల్ని, పగడాల్ని చంపుతుంది. మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ ఉన్న వేరే ఆర్‌ఓ యూనిట్ పెట్టుకుని, టీడీఎస్ సున్నా చూపించే నీళ్లలోనే మెరైన్ సాల్ట్ కలపండి. బోరునీళ్లు ఎంత తేటగా ఉన్నా వద్దు. ఉప్పునీటి సాపేక్ష సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025, వేడి 25 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వేవ్‌మేకర్లు (నీటిని అలల్లా కదిలించే పంపులు) రెండు ఎదురెదురుగా పెట్టి, గుహల్లోంచి నీరు పారుతోందా అని చిటికెడు మేత వదిలి చూడండి. ఎక్కడైనా మేత ఆగిపోతే పంపు దిశ మార్చండి.

మే నెలలో ఫ్యాను గాలి నీటి మీద పడేలా పెడితే మన పొడి వాతావరణంలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, వానాకాలపు తేమలో అంత పని చేయదు. మీ గది బాగా వేడెక్కేదైతే నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. ఆవిరైన నీళ్లకు బదులు ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది.

రాయికి ప్రాణం రావడం

కొత్త రాయిలో ఏ బాక్టీరియా ఉండదు. దానికి మేతగా అమ్మోనియం క్లోరైడ్‌తో అమోనియాను 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములు) తెచ్చి, సీసాల్లో అమ్మే బాక్టీరియా వేసి, అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేదాకా పరీక్షిస్తూ ఉండండి. నాలుగు నుంచి ఆరు వారాలు మామూలు. ఈలోగా రాయి మీద గోధుమరంగు డయాటమ్‌ల (కంటికి కనబడనంత చిన్న పాచి జీవుల) పొర వస్తుంది, తర్వాత పచ్చటి పాచి. రెండూ రావాల్సినవే. రాయిని బయటికి తీసి తోమకండి. పాత ట్యాంకున్న స్నేహితుల దగ్గర ఊదారంగు కోరలైన్ అనే గట్టి పాచి పట్టిన నత్తగుల్ల ఒకటి దొరికితే తెచ్చి వేయండి, ఆ రంగు దాన్నుంచే రాయికి పాకుతుంది. అమోనియా, నైట్రైటు సున్నాకు వచ్చాక పాచి తినే నత్తలు ముందు, చేపలు వాటి తర్వాత.

చేపల్లో క్లౌన్‌ఫిష్ మన దేశంలోనే పెంపకంలో పుడుతోంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దాని పెంపకం పద్ధతులు తయారుచేసింది. హేచరీలో పుట్టినవి అడిగి కొనండి. రాతి పగడాల జోలికి పోకండి, వేరే రకం పగడం కొన్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు చూపించమనండి, చూపించలేకపోతే కొనకుండా వచ్చేయండి. ముందు గోబీ లాంటి నెమ్మది చేపల్ని వదిలి, అవి బొరియలు ఎంచుకున్నాక క్లౌన్‌ఫిష్, అన్నింటికన్నా చివర డామ్సెల్ చేపలు. డామ్సెల్‌ను ముందే వదిలితే దిబ్బ మొత్తం తనదంటుంది, తర్వాత వచ్చినవాటిని ఏ గుహలోనూ నిలవనివ్వదు.